గుర్రాల దగ్గర గడిపితే మనసు కుదుటపడుతుందా? స్వారీ చేయకపోయినా మేలు ఉంటుందా?

చెల్లికోసం:

అందరికీ నమస్కారం.

మా చెల్లెలికి ముప్ఫై నాలుగేళ్లు. ఏడాదిన్నర క్రితం జరిగిన రోడ్డు ప్రమాదంలో ఆమెకు కటి ఎముక, ముంజేతి ఎముక విరిగాయి. ఎముకలు అతుక్కున్నాయి గాని, ఆనాడు పట్టుకున్న బెదురు మాత్రం ఇంకా వదలలేదు. వెనుకనుంచి ఎవరైనా నడిచివస్తే ఉలిక్కిపడుతుంది. నడిరాత్రి లేచి కూర్చుంటుంది. నలుగురు చేరిన గదిలోకి వెళితే ముందుగా తలుపు ఎటువైపు ఉన్నదో చూసుకుని, దానికి దగ్గరగా ఉన్న కుర్చీలోనే కూర్చుంటుంది. మానసిక వైద్యురాలి దగ్గర చికిత్స జరుగుతున్నది, మందులు వాడుతున్నది, మొదటి ఆరు నెలల్లో మంచి గుణమే కనిపించింది. కొంతకాలంగా మాత్రం బండి అక్కడే ఆగిపోయింది. ప్రమాదం గురించి చెప్పమని అడిగినప్పుడల్లా ఆమె నోరు పెగలడం లేదు. గంటసేపు కూర్చుని, రెండు మాటలు చెప్పి, ఇంటికి తిరిగివస్తున్నది.

ఈ పరిస్థితిలో వైద్యురాలే ఒక మార్గం సూచించారు. గుర్రాల సాయంతో చికిత్స చేసే చోటు ఒకటి ఉన్నదనీ, వారానికి ఒకసారి చొప్పున కొన్ని వారాలు అక్కడికి వెళ్లి చూడవచ్చుననీ, ఇప్పుడు జరుగుతున్న చికిత్స మానవలసిన పని లేదనీ చెప్పారు. ఇంట్లో ఈ సంగతి ఎత్తగానే మా నాన్నగారు అది గుడ్డి గుర్రానికి పళ్లు తోమడమేనని తేల్చేశారు. మా చెల్లెలు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఆమెకు పెద్ద జంతువులంటే చిన్నప్పటినుంచీ భయం.

ఇది నిజంగా పనిచేసేదేనా, లేక విని సంతోషించవలసిన కథేనా? గుర్రం ఎక్కితేనే ఫలితం ఉంటుందా, ఎక్కకుండా దాని దగ్గర గడిపినా చాలునా? మా ఇంట్లో కుక్క ఉన్నది, అది రాత్రిపూట ఆమె మంచం పక్కనే పడుకుంటుంది, దానివల్ల ఆమెకు కొంత ఊరట ఉన్నమాట నిజమే. మరి కుక్క ఇవ్వనిది గుర్రం ఏమి ఇస్తుంది? ఈ మూడో ప్రశ్నకు జవాబు దొరికితే మిగిలినవి సగం తేలిపోతాయని నాకు అనిపిస్తున్నది.

పాతపగ్గం:

మీ మూడో ప్రశ్ననుంచే మొదలుపెడతాను, ఎందుకంటే నాకు తెలిసినది అదొక్కటే. నేను వైద్యుణ్ణి కాను. ఇరవై రెండేళ్లుగా గుర్రాలను సాకుతూ, వాటికి నడక నేర్పుతూ బతుకుతున్నవాణ్ణి. అందులో చివరి ఆరేళ్లు చికిత్సకోసం వచ్చేవారి పక్కన గుర్రం పగ్గం పట్టుకుని నిలబడే పని చేశాను.

కుక్క వేటాడే జాతిది, గుర్రం వేటకు గురయ్యే జాతిది. తేడా అంతా ఇక్కడే ఉన్నది. మీరు ఏడుస్తున్నా, విసుగ్గా ఉన్నా కుక్క వచ్చి మీ కాళ్ల దగ్గర చేరుతుంది. గుర్రం అలా రాదు. అది పచ్చిక మైదానాల్లో పారిపోయి ప్రాణం దక్కించుకుంటూ వచ్చిన జంతువు. కళ్లు తలకు ఇరుపక్కలా ఉంటాయి కనుక, ఉన్నచోటునుంచే చుట్టూ సుమారు 350 డిగ్రీల మేర చూడగలదు. దానికి కనబడనిదల్లా నుదుటికి సరిగ్గా ముందున్న కొద్దిపాటి చోటు, తోకకు సరిగ్గా వెనుకనున్న చోటు మాత్రమే. చెవులు రెండూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా చెరొక దిక్కుకూ తిరుగుతాయి. ఇప్పుడు మీరు మీ చెల్లెలి గురించి రాసినది మళ్లీ చదివి చూడండి: వెనుకనుంచి వచ్చేవారికి ఉలిక్కిపడడం, తప్పించుకునే దారి ముందే చూసిపెట్టుకోవడం. ఆమెలో జబ్బుగా కనిపిస్తున్నది గుర్రానికి పుట్టుకతో వచ్చిన బతికే నేర్పు.

తన బెదురును వింతగా చూడని జీవి పక్కన నిలబడడం అటువంటివారికి ఎంత తేలికగా ఉంటుందో నేను చాలాసార్లు చూశాను. అంతకంటె ముఖ్యమైనది ఇంకొకటి ఉన్నది. గాలికి ఒక ప్లాస్టిక్ సంచి ఎగిరితే గుర్రం పది గజాలు ఉరుకుతుంది, ఆగుతుంది, వెనుదిరిగి చూస్తుంది, ముక్కుపుటాలు అదిరేలా గాలి వదులుతుంది, ప్రమాదం లేదని తెలియగానే తల దించి మళ్లీ గడ్డి మేస్తుంది. బెదరడం ప్రతి ప్రాణికీ వచ్చు. రెండు నిమిషాల్లో ఆ బెదురు దిగిపోవడం మాత్రం పక్కన నిలబడి చూడవలసిన విద్య.

ఎక్కాలా అన్న ప్రశ్నకు నా జవాబు, అక్కరలేదు. మీరు చెప్పినటువంటి చికిత్సలో చాలావరకు పని నేలమీదే జరుగుతుంది. మొదటి రోజు మేము గుర్రాన్ని తాకనివ్వము కూడా. కంచె బయట నిలబడి, లోపల నాలుగైదు గుర్రాలు ఎలా మసలుకుంటున్నాయో, ఏది దేనికి దారి ఇస్తున్నదో, ఏది ఒంటరిగా ఉన్నదో చూడమంటాము. తరువాత దగ్గరికి వెళ్లడం నేర్పుతాము. ఎదురుగా కాదు, వెనుకనుంచి అసలే కాదు. పలకరిస్తూ, భుజం వైపునుంచి, అడ్డంగా నడిచివెళ్లాలి. రెండు అడుగుల దూరంలో ఆగాలి. గుర్రం చెవి మీ వైపు తిరిగిందా, తల పక్కకు తిప్పుకున్నదా అన్నది చూసి, అది తల తిప్పుకుంటే ఒక అడుగు వెనక్కి వేయాలి. ఈ వెనకడుగు చాలామందికి ఓటమిలా అనిపిస్తుంది, కాని ఆ అడుగు తరువాతనే గుర్రం చాలాసార్లు తనంతట తానే ముందుకు వస్తుంది.

తాకినప్పుడు చరచకండి. మెడమీద చప్పుడయ్యేలా చరచడం మనుషులకు ఇష్టం గాని గుర్రానికి దానితో పని లేదు. జూలు ముగిసి వీపు మొదలయ్యే ఎత్తుదగ్గర వేళ్లతో గోకితే, పైపెదవి సాగదీసి, కళ్లు సగం మూస్తుంది. గుర్రాలు ఒకదానినొకటి పళ్లతో గోక్కునే చోటు అదే. అక్కడ గోకితే గుర్రం గుండె వేగం తగ్గుతుందని 1993లో వెలువడిన ఒక పరిశీలనలో తేలింది. గుర్రాలను చూసుకునే పనివాళ్లకు ఆ మాట ఎవరూ చెప్పనక్కరలేదు.

తరువాతది మాలీసు, అంటే గుర్రం ఒళ్లు రుద్ది శుభ్రం చేయడం. ముందు రబ్బరు బ్రష్షుతో గుండ్రంగా రుద్ది మట్టి రేపాలి, ఆపైన గట్టి బ్రష్షుతో వెంట్రుక వాలు ప్రకారం దులపాలి, చివరికి మెత్తని బ్రష్షుతో ముఖం తుడవాలి. ఆ తరువాత గిట్టలు. గిట్ట శుభ్రం చేయాలంటే గుర్రం తన బరువును మిగిలిన మూడు కాళ్లమీదికి మార్చుకుని, ఒక కాలు మీ చేతికి ఇవ్వాలి. పరుగే ప్రాణంగా బతికే జంతువు పరుగెత్తే సాధనాన్ని మీ చేతికి ఇవ్వడమన్నమాట. మీరు ఊపిరి బిగబట్టి, భుజాలు బిగించి లాగితే అది ఇవ్వదు. ప్రమాదంలో తన మనిషిని పోగొట్టుకున్న ఒక అమ్మాయి నా దగ్గర నాలుగు వారాలపాటు గిట్టలు శుభ్రం చేయడం తప్ప మరేమీ చేయలేదు. ఎందుకమ్మా అని అడిగితే, ఐదు వందల కిలోల జంతువు కాలు చేతిలో ఉన్నంతసేపు వేరే ఆలోచన రావడానికి చోటుండదు అన్నది. నేను ఇన్నేళ్లలో విన్న అన్ని వివరణలకంటె నాకు ఆ మాటే నచ్చింది.

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్లమీద నడుస్తుందని మన సామెత. దానిని విని, గట్టిగా ఉంటేనే గుర్రం మాట వింటుందని అనుకుని వచ్చేవాళ్లు ఉన్నారు. మెత్తదనంతో గుర్రానికి పేచీ లేదు. చేయి ఒకటి చెప్పి కాళ్లు ఇంకొకటి చెబితేనే దానికి తికమక. పగ్గం పట్టుకుని, వెనక్కి తిరిగి దాని కళ్లలోకి చూస్తూ లాగారనుకోండి, మేకు కొట్టినట్టు నిలబడిపోతుంది. వెళ్లదలచుకున్న చోటును చూస్తూ నడిస్తే పక్కన నడిచి వస్తుంది.

నడకసాయం:

నేను ఫిజియోథెరపిస్టును. పాతపగ్గం గారు చెప్పినదానికి, ఎక్కడం గురించి కొంచెం చేర్చవలసినది ఉన్నది, ఎందుకంటే ఈ రంగంలో మూడు నాలుగు వేర్వేరు పనులకు జనం ఒకే పేరు వాడి తికమకపడుతున్నారు.

హిప్పోథెరపీ అన్నది ఒక వైద్య పద్ధతి. గ్రీకు భాషలో హిప్పోస్ అంటే గుర్రం. (ఆ పేరు విని నీటిగుర్రం గురించి అడిగినవారు నాకు ఇద్దరు తగిలారు.) ఇందులో ఫిజియోథెరపిస్టు గాని, రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టు గాని, మాట చికిత్స చేసేవారు గాని గుర్రం నడకను ఒక సాధనంగా వాడుకుంటారు. రోగి స్వారీ నేర్చుకోడు; గుర్రం నడుస్తుంటే కూర్చుంటాడు. గుర్రం నడిచేటప్పుడు పైన కూర్చున్నవారి కటి ముందుకూ వెనక్కూ, పక్కలకూ కదులుతూ, కొద్దిగా మెలితిరుగుతుంది. మనిషి తన కాళ్లతో నడిచినప్పుడు కటి కదిలే తీరుకు ఇది చాలా దగ్గరగా ఉంటుంది. అందుచేత నడవలేని పిల్లవాడి నడుముకు నడక ఎలా ఉంటుందో తెలిసివస్తుంది, అడుగడుగుకీ తూగు సరిచేసుకోవలసి వచ్చి నడుము కండరాలు పనిచేస్తాయి. గుర్రాన్ని నిలపడం, మళ్లీ కదిలించడం, వేగం మార్చడం, వంపు తిప్పడం, ఇవన్నీ మేము మందు మోతాదు మార్చినట్టు మార్చుకుంటాము. దాని ఒంటి వేడి సుమారు 38 డిగ్రీల సెల్సియస్, అంటే మనకంటె కాస్త ఎక్కువ. బిగుసుకుపోయిన తొడ కండరాలు సడలడానికి ఆ వెచ్చదనం కూడా తోడవుతుంది.

2003లో సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు అదుపు తప్పే స్థితి) ఉన్న పిల్లలపై జరిపిన ఒక చిన్న ప్రయోగం నాకు నచ్చినది. కొందరిని ఎనిమిది నిమిషాలపాటు నడిచే గుర్రంమీద, మరికొందరిని అంతే సమయం కదలని పీపామీద కాళ్లు చెరోవైపు వేసి కూర్చోబెట్టారు. రెండు పక్కల కండరాల పనిలో ఉండే అసమానత గుర్రంమీద కూర్చున్నవారిలో ఎక్కువగా తగ్గింది. పాల్గొన్నది పదిహేనుమందే కనుక దానిని పట్టుకుని పెద్ద మాటలు చెప్పను, కాని కాళ్లు ఎడంగా పెట్టి కూర్చోవడంవల్ల కాక గుర్రం కదలికవల్లనే ఆ మార్పు వచ్చిందని చెప్పడానికి ఆ పీపా ఉపయోగపడింది.

ఈ రంగానికి పేరు రావడానికి కారణమైన మనిషి డెన్మార్క్‌కు చెందిన లిస్ హార్టెల్. 1944లో ఆమెకు పోలియో సోకి మోకాళ్లకింద పట్టు పోయింది. గుర్రం ఎక్కించడానికీ దించడానికీ మనిషి సాయం కావలసి వచ్చేది. అయినా 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో, స్త్రీలకు పురుషులతో సమంగా డ్రెస్సాజ్ (గుర్రాన్ని లయగా, నిర్ణీత కదలికలతో నడిపించే) పోటీలో మొదటిసారి ప్రవేశం దొరికిన ఏడాదే, ఆమె వెండి పతకం గెలిచింది. 1956లో మళ్లీ గెలిచింది. ఆ తరువాతనే వికలాంగులకు స్వారీ నేర్పే కేంద్రాలు యూరప్‌లోనూ అమెరికాలోనూ వరుసగా వెలిశాయి. వాటిలో నేర్పేది స్వారీ. నేర్పేవారు వైద్యులు కానక్కరలేదు. మీ చెల్లెలికి సూచించినది ఈ రెండూ కాదు, మానసిక చికిత్సకులు గుర్రాన్ని పక్కన పెట్టుకుని చేసే మూడో రకం.

ఒక హెచ్చరిక. మీ చెల్లెలికి కటి ఎముక విరిగిందన్నారు. ఎప్పుడో ఒకనాడు ఎక్కాలని ఆమెకే అనిపిస్తే, ముందుగా ఎముకల వైద్యుని అనుమతి తీసుకోండి. ఎముకలు గుల్లబారినవారు, అదుపులో లేని మూర్ఛలు ఉన్నవారు, తుంటి కీలు తొలగినవారు, డౌన్ సిండ్రోమ్ ఉండి మెడ పైఎముకల కీలు వదులుగా ఉన్నవారు ఎక్కకూడదు. ఎక్కేవారికి శిరస్త్రాణం తప్పనిసరి; అవసరాన్నిబట్టి ఒకరు గుర్రాన్ని నడిపిస్తుంటే ఇద్దరు ఇరుపక్కలా నడవాలి. అంతమంది లేరు, సర్దుకోండి అనేచోటు మీకు వద్దు.

సందేహమే మేలు:

నేను మనస్తత్వ చికిత్సకురాలిని. పై ఇద్దరూ తమ అనుభవంలోంచి చెప్పారు. నేను కొంచెం నీళ్లు చల్లవలసి వస్తున్నది, మన్నించాలి.

ముందుగా, గుర్రం మన మనసును అద్దంలా చూపిస్తుందని తరచుగా వినిపించే మాట. పాతపగ్గం గారు ఆ మాట అననందుకు సంతోషం. గుర్రం చదివేది శరీరాన్ని. వందేళ్లకు పైబడిన కథ ఒకటి ఉన్నది. బెర్లిన్‌లో విల్హెల్మ్ ఫోన్ ఓస్టెన్ అనే ఆయన దగ్గర హాన్స్ అనే గుర్రం కూడికలకూ తీసివేతలకూ గిట్ట కొట్టి జవాబు చెప్పేది. 1904లో ఒక సంఘం పరీక్షించి మోసమేమీ లేదన్నది. ఓస్కార్ ఫుంగ్‌స్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఓపికగా పరీక్షించి, 1907లో అసలు సంగతి బయటపెట్టాడు: అడిగేవారికి జవాబు తెలియకపోయినా, అడిగేవారు కనబడకపోయినా హాన్స్ తప్పులే చెప్పేది. సరైన అంకె రాగానే అడిగినవారి తల కనబడీ కనబడనట్టు కదిలేది, ఆ కదలిక చూసి అది గిట్ట ఆపేది. తల కదిలిస్తున్నట్టు ఆ మనుషులకే తెలియదు. హాన్స్‌కు లెక్కలు రావని తేలినందుకు అప్పట్లో చాలామంది నిరాశపడ్డారట గాని, నాకైతే లెక్కలకంటె ఇదే గొప్ప విద్యగా కనిపిస్తుంది.

తరువాతి కాలంలో ఇటువంటివి మరికొన్ని తేలాయి. 2009లో స్వీడన్ పరిశోధకులు కొందరిని గుర్రం పక్కన నడవమని, నాలుగోసారి వెళ్లేటప్పుడు హఠాత్తుగా గొడుగు తెరుస్తామని చెప్పారు. గొడుగు తెరవనే లేదు. అయినా ఆ నడకలో మనుషులకూ గుర్రాలకూ ఇద్దరికీ గుండె వేగం పెరిగింది. 2016లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయంవారు గుర్రాలకు మనుషుల ఫొటోలు చూపితే, కోపంగా ఉన్న ముఖాన్ని అవి ఎక్కువగా ఎడమకంటితో చూశాయి, గుండె వేగం కూడా త్వరగా పెరిగింది. ఇవన్నీ గుర్రం ఎంత సూక్ష్మంగా గమనిస్తుందో చెబుతాయి. గుర్రం పక్కన నిలబడితే మనిషి గాయం మానుతుందని మాత్రం చెప్పవు, ఆ రెంటినీ కలిపేసి మాట్లాడడం ఈ రంగంలో పెద్ద జాడ్యం.

మానుతుందా అన్న ప్రశ్నకు ఆధారాలు ఉన్నాయి, కాని అన్నీ ఒకే బరువువి కావు. నాకు నమ్మదగినదిగా తోచినది ఆటిజం ఉన్న పిల్లలపై 2015లో వెలువడిన పరిశోధన. ఆరేళ్లనుంచి పదహారేళ్ల వయసున్న 116 మందిని చీటీలు తీసినట్టుగా రెండు జట్లు చేసి, పది వారాలపాటు ఒక జట్టుకు స్వారీ నేర్పారు; రెండో జట్టును అదే శాలకు తీసుకువెళ్లి, అసలు గుర్రం లేకుండా, నిలువెత్తు గుర్రం బొమ్మతో గుర్రాల గురించిన పాఠాలు చెప్పారు. చిరాకు, అతి చురుకుదనం స్వారీ జట్టులో ఎక్కువగా తగ్గాయి, మాటలు పెరిగాయి. 2014లో వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయంవారు బడిపిల్లలపై జరిపిన పదకొండు వారాల కార్యక్రమంలో లాలాజలంలోని కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను తగ్గినట్టు తేలింది.

మీ చెల్లెలి పరిస్థితికి దగ్గరగా ఉన్నది కొలంబియా విశ్వవిద్యాలయం చేసినది. యుద్ధంనుంచి వచ్చి ఆ భయాన్ని మోస్తున్న 63 మంది మాజీ సైనికులు ఎనిమిది వారాలపాటు, వారానికొక్కసారి గుర్రాలతో నేలమీద పనిచేశారు. లక్షణాలు చెప్పుకోదగినంతగా తగ్గాయని 2021లో ప్రకటించారు, మధ్యలో మానేసినవారు కొద్దిమందే. మంచి వార్తే, కాని పోల్చి చూడడానికి రెండో జట్టు లేదు. అంతకుముందు, 2014లో, మానసిక వ్యాధులకు గుర్రాల చికిత్సపై అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను జల్లెడపట్టినవారు, పెద్ద లోపం లేనిది వాటిలో ఒక్కటీ లేదని నిర్మొహమాటంగా రాశారు. ఆరుబయలు గాలి, ఒంటికి పని, ప్రతి వారం ఒకే వేళకు వెళ్లవలసిన నియమం, శ్రద్ధగా చూసే ఇద్దరు మనుషులు, ఇవన్నీ గుర్రంతోపాటే వస్తాయి. వీటిలో ఏది ఎంత మేలు చేసిందో విడదీసి చెప్పడం కష్టం. విడదీయకపోతే ఏమి నష్టమని రోగి అడగవచ్చు, అడగడం న్యాయమే. చికిత్స చేసేవారు మాత్రం అడగకూడదు.

ఇంత చెప్పినా, మీ వైద్యురాలి సూచన నాకు సబబుగానే కనిపిస్తున్నది, కారణం మీ ప్రశ్నలోనే ఉన్నది. గదిలో ఎదురెదురుగా కూర్చుని, కళ్లలోకి చూస్తూ, జరిగింది చెప్పమంటే నోరు పెగలనివారు నా దగ్గరా ఉన్నారు. అదే మనిషి గుర్రానికి ఒకవైపు, నేను ఇంకొకవైపు నిలబడి బ్రష్షుతో రుద్దుతుంటే, చేతులకు పని ఉండి, కళ్లు కలపవలసిన అవసరం లేక, గుర్రం వీపుమీదుగా మాట బయటికి వస్తుంది. అంతమాత్రాన అది చికిత్స పూర్తయినట్టు కాదు. ఆమెకు అవసరమైన అసలు పని, ప్రమాదపు జ్ఞాపకాన్ని క్రమంగా ఎదుర్కోవడం, వైద్యురాలి దగ్గర జరగవలసిందే. అందుకని అక్కడ గుర్రం పక్కన నిలబడే చికిత్సకులు ఎవరో, వారికి మానసిక చికిత్స చేసే అర్హత ఉన్నదో లేదో, మీ వైద్యురాలితో వారు మాట్లాడతారో లేదో కనుక్కోండి. ఎనిమిది వారాల తరువాత ఏది మారితే ఫలించినట్టు లెక్క అని మొదటి రోజే అడిగి రాయించుకోండి. ఆ ప్రశ్నకు చిరాకుపడే చోటు ఉంటే వెనక్కి వచ్చేయండి.

తెల్లవారుజాము:

నేను రోగిగా వెళ్లినవాణ్ణి. తీవ్రమైన కుంగుబాటు నాది, ప్రమాదం కాదు.

మొదట వెళ్లినచోటు పేరు చెప్పను. ఎనిమిది వారాల్లో కొత్త మనిషిని చేస్తామన్నారు, మొదటి రోజే గుర్రం ఎక్కించి ఫొటో తీశారు. ఆ గుర్రం పొద్దుటినుంచి ఎంతమందిని మోసిందో, నన్ను చూడగానే చెవులు వెనక్కి వాల్చేసింది. రెండుసార్లు వెళ్లి మానేశాను.

రెండోచోట నాకు ఒక ముసలి ఆడగుర్రాన్ని చూపించారు. మూడు వారాలు ఏమీ జరగలేదు. అది నన్ను పట్టించుకోలేదు, నేనూ దానిని పట్టించుకోలేదు. గుర్రం వచ్చి భుజంమీద తల వాలుస్తుందనే మాటలు విని వెళ్లినవాణ్ణి కనుక, నా దగ్గరికి గుర్రం కూడా రాదన్నమాట అని ఇంటికి వచ్చి ఇంకా కుంగిపోయాను. మీ చెల్లెలికి ఈ ముక్క ముందే చెప్పి పంపండి. నాలుగో వారం అక్కడివారు నన్ను గుర్రం దగ్గరికి పంపడం మాని, శాలలో లద్దె ఎత్తి, తడిసిన గడ్డి తీసి, కొత్త గడ్డి పరవమన్నారు. నవ్వు వస్తుందేమో గాని, నాకు పనిచేసింది అదే. గంటలో పని ముగిసేది, చేసిన పని కంటికి కనిపించేది, దానివల్ల ఒక ప్రాణికి సుఖం కలిగేది. అప్పటికి ఏడాదిగా నేను చేసిన ఏ పనికీ ఆ మూడూ లేవు. ఆ తరువాత అడిగి, వారానికి మూడు రోజులు ఉదయం ఆరింటికి మేత వేసే పని తీసుకున్నాను. మనుషులకైతే ఒంట్లో బాగాలేదని ఫోను చేసి తప్పించుకోవచ్చు. మేతకోసం చూసే గుర్రానికి ఫోను లేదు.

జబ్బు పోలేదు. మందులు ఇప్పటికీ వాడుతున్నాను. లేవడం మాత్రం వచ్చింది.

ఇంకొకటి, ఎవరూ చెప్పనిది. ఆ ఆడగుర్రం మరుసటి ఏడాది కడుపునొప్పి వచ్చి చనిపోయింది. గుర్రాలు వాంతి చేసుకోలేవు, పేగుల్లో ఏదైనా అడ్డుపడితే ప్రాణంమీదికి వస్తుంది. నేను నెలరోజులు వెనక్కి జారిపోయాను. ఒకే గుర్రంమీద మనసు పెట్టుకునేవారికి ఇటువంటి రోజుకోసం ఏమి ఏర్పాటు ఉన్నదో అడగడం మంచిది.

చెల్లికోసం:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. అన్నీ చెల్లెలికి చదివి వినిపించాను. గిట్ట చేతికి ఇవ్వడం గురించి పాతపగ్గం గారు రాసినది రెండుసార్లు చదివించుకున్నది. తరువాత ఒకే ప్రశ్న అడిగింది, అది గుర్రం తరఫున: "పొద్దస్తమానం బాధపడేవాళ్లే వస్తుంటే దానికి ఎలా ఉంటుంది?" నా దగ్గర జవాబు లేదు. కనుక్కుని చెబుతానన్నాను. ఇంకొకటి, వెళితే మొదటి రోజు కంచె దాటి లోపలికి వెళ్లనంటున్నది. ఫరవాలేదా?

పాతపగ్గం:

ఫరవాలేదు. కంచె బయట నిలబడడం కూడా హాజరు కిందికే వస్తుంది. కాకపోతే ప్రతి వారం అదే రోజు, అదే వేళకు, వీలైతే అదే గుర్రం దగ్గరికి వెళ్లేలా చూడండి.

గుర్రం సంగతి అడిగినందుకు మీ చెల్లెలికి నా తరఫున నమస్కారం చెప్పండి. బాగానే ఉంటుందని నేను అబద్ధం చెప్పను. అది ఉంచేవారినిబట్టి ఉంటుంది. అక్కడికి వెళ్లినప్పుడు ఆమెనే చూడమనండి. చెవులు వెనక్కి అణిచిపెట్టడం, ఈగలు లేకపోయినా తోక విసరడం, ముక్కుపుటాల చుట్టూ చర్మం బిగుసుకోవడం, పగ్గం తెస్తున్న మనిషిని చూసి అవతలి మూలకు నడిచివెళ్లడం, ఇవన్నీ చాలు అని చెప్పడమే. వీటికంటె నన్ను ఎక్కువగా భయపెట్టేది, ఏమి చేసినా కదలని గుర్రం. అలా రాయిలా నిలబడేదాన్ని చూసి ఎంత శాంతంగా ఉన్నదో అని సంబరపడతారు. చెప్పి చెప్పి ఎవరూ వినక, చెప్పడం మానేసిన గుర్రం కూడా అచ్చంగా అలాగే ఉంటుంది. రెంటికీ తేడా తెలియాలంటే దాని కళ్లను, చెవులను చూడాలి: శాంతంగా ఉన్న గుర్రం చెవి మీరు కదిలినప్పుడు మీ వైపు ఒకసారి తిరిగి వెళుతుంది, మానేసిన గుర్రానికి చెవి కూడా కదలదు.

రోజుకు ఎన్ని గంటలు పని, మధ్యలో విశ్రాంతి ఎంత, మిగిలిన సమయం తోటి గుర్రాలతో కలిసి బయట తిరగనిస్తారా, ఇష్టం లేనప్పుడు పక్కకు వెళ్లిపోయే వీలు ఉన్నదా అని అడగండి. మేము పనిచేసినచోట మాలీసు సమయంలో గుర్రాన్ని కట్టేసేవాళ్లం కాదు. మధ్యలో నడిచి వెళ్లిపోతే, ఆ రోజుకు అంతే. వచ్చినవారిలో కొందరికి కోపం వచ్చేది. వద్దనుకున్నప్పుడు వెళ్లిపోవచ్చునని ఒక గుర్రం చేసి చూపించడం ఇంకొందరికి మాత్రం మేము చెప్పిన అన్ని మాటలకంటె ఎక్కువగా ఉపయోగపడేది.

చివరిగా, కంచె బయటే నిలబడినా సరే, వేళ్లు బయటికి కనిపించే చెప్పులతో పంపకండి. ముందు భాగం గట్టిగా ఉన్న బూట్లు వేసుకోమనండి.